రక్తంలోకి రాలే లోపొర

కూచిపూడిలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం



ఈ సాయంత్రం మనం స్మరించుకుంటున్న డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు 1925లో మన పెదముత్తేవిలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టరీ చదివారు. అమెరికా వెళ్లి రేడియాలజీ నేర్చుకున్నారు. ఉస్మానియాలో పాఠాలు చెప్పి, మళ్లీ సముద్రాలు దాటి, ఎముకల రేడియాలజీలో పెద్ద పేరు సంపాదించారు. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో రమ్మని పిలిస్తే, అక్కడి హోదా వదులుకుని వచ్చి హైదరాబాదు నిమ్స్‌కు తొలి డైరెక్టరయ్యారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘానికి తొలి అధ్యక్షులు కూడా ఆయనే. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. 2021 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఆయన విద్య కత్తి పెట్టకుండా ఒంటి లోపలి సంగతి చదివే విద్య. ఫిల్ము మీద కనిపించే నీడ అందరికీ ఒకటే. ఆ నీడలో రోగం ఎంత, ఫిల్ము తీయడంలో వచ్చిన లోపం ఎంత, మనిషికీ మనిషికీ ఉండే తేడా ఎంత అని వేరుచేసి చెప్పగలిగినవాడే రేడియాలజిస్టు. నేను పాతాలజీవాణ్ణి. నా బల్ల మీద ఫిల్ము ఉండదు, స్లైడు ఉంటుంది. చదవడంలోని ధర్మం మాత్రం రెండుచోట్లా ఒకటే. ఆ ధర్మాన్ని గుర్తుపెట్టుకుని, రక్తంలో తిరుగాడే ఎండోథీలియల్ కణాల గురించి, అవి మన రోగాలకు ఎంతవరకు సూచికలు కాగలవన్న దాని గురించి ఇవాళ మాట్లాడతాను.

నాళం లోపలి పొర

గుండె నుంచి కాలిగోటి దాకా ఉన్న ప్రతి రక్తనాళానికీ లోపలివైపు ఒక పొర ఉంటుంది. మందం ఒకే ఒక్క కణం. కణం పక్కన కణం అతుక్కుని, నెత్తురు ఒరుసుకుంటూ పోయేది దీని మీదుగానే. దీన్నే ఎండోథీలియం అంటాం. ఒక మనిషి ఒంట్లో ఈ కణాలు పది లక్షల కోట్ల దాకా ఉంటాయని ఒక అంచనా.

చాలాకాలం దీన్ని గొట్టానికి వేసిన పూతలాగానే చూశారు. ఆ అభిప్రాయాన్ని తిరగరాసినవాడు న్యూయార్క్ శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్. కుందేలు మహాధమని ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ తగిలిస్తే కొన్ని ముడుచుకునేవి, కొన్ని సడలేవి. ముక్కను కోసి సిద్ధం చేసేటప్పుడు లోపొర చెరిగిపోయిన ముక్కలే ముడుచుకుంటున్నాయని ఆయన గమనించాడు. లోపొర చెదరని ముక్క సడలుతోంది. అంటే నాళాన్ని సడలించమనే ఆజ్ఞ ఆ పొర నుంచే వస్తోంది. 1980లో ఈ సంగతి అచ్చయింది. ఆ ఆజ్ఞను మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్‌కూ, ఇగ్నారోకూ, మురాద్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ పొర చేసే పనులు అంతటితో ఆగవు. నాళంలో నెత్తురు గడ్డకట్టకుండా చూస్తుంది. గాయమైనచోట గడ్డకట్టించేదీ ఇదే. నీరూ ప్రొటీన్లూ బయటికి ఎంత పోవాలో, తెల్లకణం ఎక్కడ గోడ దాటాలో నిర్ణయిస్తుంది. ఇంత పని చేసే కణాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు తమ చోటు విడిచి దాదాపు కదలవు. ఒత్తిడికో, విషానికో, సూక్ష్మజీవికో, సొంత రోగనిరోధక వ్యవస్థ దాడికో గురైనప్పుడు పట్టు సడలి, ఊడి, ప్రవాహంలో పడతాయి. బందరు కాలువలో నీళ్లు ఉన్నట్టుండి బురదరంగు తిరిగితే, ఎగువన ఎక్కడో గట్టు కోసుకుపోతోందని లాకు దగ్గరి మనిషి చెప్పగలడు. గట్టు ఎక్కడ తెగిందో ఆ రంగు చెప్పదు, తెగుతోందని మాత్రం చెబుతుంది. రక్తంలో దొరికే ఎండోథీలియల్ కణం ఇచ్చే సాక్ష్యం సరిగ్గా ఇంతే. దాని విలువా అక్కడే ఉంది, దాని హద్దూ అక్కడే ఉంది.

వెతికినవాళ్లు

1970లో గేనర్, బూవియే, స్పేట్ అనే ముగ్గురు కుందేళ్లకు బాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్ ఎక్కించి, వాటి రక్తంలో ఊడిపడిన ఎండోథీలియల్ కణాలను చూపించారు. 1973లో ప్రాగ్ నగరంలో హ్లాడోవెక్, రాస్మన్ ప్లేట్‌లెట్లతో పాటు ఈ కణాలను కూడా వేరుచేసి లెక్కించే పద్ధతి రాశారు. అది చవకైన పద్ధతే కానీ, లెక్కకొచ్చినవన్నీ ఎండోథీలియల్ కణాలేనా అన్న అనుమానం తీరలేదు.

1985లో పొగాకు మీద జరిగిన ఒక ప్రయోగం మనవాళ్లకు తప్పక చెప్పాలి. పొగతాగే అలవాటు లేని ఆరోగ్యవంతుల చేత రెండేసి సిగరెట్లు కాల్పించి, ముందూ తర్వాతా రక్తం పరీక్షించారు. పొగాకు సిగరెట్లు తాగాక ఎండోథీలియల్ కణాల లెక్క పెరిగింది. పొగాకు లేని సిగరెట్లతో అలా పెరగలేదు. చుట్టయినా బీడీ అయినా సిగరెట్టయినా నాళాల లోపొరకు శత్రువేనని చెప్పడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

అసలు మలుపు ఫ్రాన్సులోని మార్సే నగరంలో వచ్చింది. 1990ల తొలినాళ్లలో ఫ్రాన్స్వాజ్ జార్జ్, జోసే సాంపోల్ బృందం ఎండోథీలియల్ కణాన్ని పట్టుకునే ఒక యాంటీబాడీని తయారుచేసింది. దాన్ని సన్నని అయస్కాంత పూసలకు అంటించి రక్తంలో కలిపితే, పూసలు వెళ్లి ఆ కణాలకు అతుక్కుంటాయి. గొట్టం పక్కన అయస్కాంతం పెడితే కణాలు ఒకవైపుకు చేరతాయి. ఆ యాంటీబాడీ గుర్తుపట్టే ప్రొటీన్‌నే ఇప్పుడు సీడీ146 అంటున్నారు. గుండె నాళాల్లో బెలూన్ పెట్టి వెడల్పు చేసిన రోగుల్లోనూ, గోమారి కుట్టడం వల్ల వచ్చే మధ్యధరా ప్రాంతపు మచ్చల జ్వరంలోనూ ఈ కణాలు పెరగడం వాళ్లు చూపించారు.

లెక్కలు చెప్పిన కథ

ఆరోగ్యవంతుడి మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలు దాదాపు 500 కోట్లు. అందులో ఎండోథీలియల్ కణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ లెక్క రోగంలో ఎలా మారుతుందో రెండు అధ్యయనాల ద్వారా చెబుతాను.

మొదటిది సికిల్ సెల్ జబ్బు. ఎర్రకణాలు కొడవళ్లలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయని, ఆ నొప్పి భరించరానిదని మన ఏజెన్సీలో ఆ జబ్బున్న కుటుంబాలకు తెలుసు. 1997లో మినెసోటా విశ్వవిద్యాలయంలో సొలోవే, హెబెల్ బృందం ప్రచురించిన లెక్కలివి. ఆరోగ్యవంతుల్లో సగటున మిల్లీలీటరుకు 2.6 కణాలు. సికిల్ సెల్ ఉండి నిలకడగా ఉన్నవాళ్లలో 13.2. నొప్పి ఉధృతంగా వచ్చి ఆసుపత్రికి చేరినవాళ్లలో 22.8. ఊడివచ్చిన ఆ కణాలు ఉద్రేకించిన స్థితిలో ఉన్నాయని కూడా వాళ్లు చూపారు. ఎర్రకణం జబ్బుగా మాత్రమే పాఠాల్లో చెప్పుకున్న సికిల్ సెల్, నాళాల గోడ జబ్బు కూడానని ఆ కణాలు తెలియజేశాయి. దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలై, 2047 నాటికి లక్ష్యం చేరాలంటోంది. పాడేరులోనూ రంపచోడవరంలోనూ పనిచేసే డాక్టర్లు ఈ రెండో ముఖాన్ని కూడా మనసులో పెట్టుకోవాలి.

రెండోది గుండెపోటు. మార్సే బృందమే 1999లో గుండెపోటులోనూ అస్థిరమైన గుండెనొప్పిలోనూ ఈ కణాలు పెరుగుతాయని చూపించింది. 2012లో కాలిఫోర్నియాలో ఎరిక్ టోపోల్ సహచరులు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఆరోగ్యవంతుల్లో మధ్యస్థ లెక్క మిల్లీలీటరుకు 4 కణాలైతే, గుండెపోటు వచ్చినవాళ్లలో 19. రోగుల కణాలు మామూలుకంటే పెద్దవి, రూపం చెడినవి. కొన్నింటిలో ఒకటికి మించిన కేంద్రకాలు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఆశ ఎక్కడ పుట్టిందో చూడండి. ఇవాళ గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్, గుండె కండరం దెబ్బతిన్నాకే రక్తంలోకి వస్తుంది. నాళం గోడ మీది కొవ్వుగడ్డ చిట్లడం అంతకంటే ముందు జరుగుతుంది. చిట్లేవేళ రాలిన గోడ కణాలను పట్టుకోగలిగితే, కండరం చచ్చిపోకముందే హెచ్చరిక దొరకవచ్చునని వాళ్ల ఊహ. పదేళ్లు దాటిపోయినా ఆ ఊహ ఇంకా ఆసుపత్రి పరీక్షగా మారలేదు. ఎందుకు మారలేదో చెప్పడమే నా ఉపన్యాసానికి ముఖ్యం.

లెక్కపెట్టడమే కష్టం

మొదటి కారణం సూది. నరంలోకి దిగేటప్పుడు సూది తానే గోడను గీరి కొన్ని కణాలను ఊడదీస్తుంది. మిల్లీలీటరుకు నాలుగు కణాలు వెతికేవాడికి సూది రాల్చిన పది కణాలు చాలు, మొత్తం లెక్క తప్పడానికి. అందుకే తొలి గొట్టంలో పట్టిన రక్తాన్ని ఈ లెక్కకు వాడకూడదు. రెండో గొట్టం నుంచే లెక్క మొదలుపెట్టాలి. నరం దొరక్క రెండుమూడుసార్లు గుచ్చిన చేతి నుంచి తీసిన రక్తాన్ని అసలు వాడకపోవడమే మేలు.

రెండో కారణం గుర్తింపు. సీడీ146 ఎండోథీలియల్ కణానికి మాత్రమే సొంతం కాదు. కొన్ని టీ లింఫోసైట్ల మీదా, మెలనోమా కేన్సర్ కణాల మీదా ఉంటుంది. కాబట్టి సీడీ146 ఉండాలి, తెల్లకణాల గుర్తయిన సీడీ45 ఉండకూడదు, కేంద్రకం కనబడాలి, పరిమాణం సరిపోవాలి. ఒకరు అయస్కాంత పూసలు వాడతారు, ఇంకొకరు కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఫ్లో సైటోమీటరు వాడతారు. ఒకే రక్తానికి రెండుచోట్లా రెండు అంకెలు వస్తాయి. మరమ్మతుకు వచ్చే పూర్వకణాలు వేరే ఉన్నాయని 1997లో అసహారా బృందం ప్రకటించాక గందరగోళం ఇంకా పెరిగింది. గోడ నుంచి రాలిన కణం నష్టానికి గుర్తు. మరమ్మతుకు వచ్చిన కణం కోలుకోవడానికి గుర్తు. రెండింటినీ ఒకే గంపలో వేసిన లెక్క రోగికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది. అందుకే 2006లో హానోవర్‌కు చెందిన వోయ్‌వోట్, ఇంగ్లండుకు చెందిన బ్లాన్ మొదలైనవారు కలిసి కూర్చుని ఉమ్మడి పద్ధతి ఒకటి రాసుకున్నారు.

మూడో కారణం అన్నిటికంటే లోతైనది. గుండెపోటులో, సికిల్ సెల్‌లో, నాళాలు వాచే వాస్కులైటిస్‌లో, షుగరులో, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లలో, కోవిడ్‌లో, కొన్ని కేన్సర్లలో ఇన్నిట్లోనూ ఈ కణాలు పెరుగుతాయి. ఇన్ని రోగాల్లో పెరిగే గుర్తు ఏ ఒక్క రోగం పేరూ చెప్పలేదు. అయితే పేరు తెలిసిన రోగంలో తీవ్రతను చెప్పగలదు. వాస్కులైటిస్ ఉధృతంగా ఉన్నప్పుడు లెక్క బాగా పెరిగి, మందులతో రోగం అణిగేకొద్దీ తగ్గుతుందని 2003లో హానోవర్ బృందం చూపింది. హీమోడయాలిసిస్ రోగుల్లో ఎవరి లెక్క ఎక్కువగా ఉందో వాళ్లకే తర్వాత నాళాల సంబంధమైన ప్రమాదాలు ఎక్కువగా వచ్చాయని 2005లో ఒక బృందం రాసింది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం టైప్ 2 షుగరు రోగుల్లో ఈ కణాలు ఎక్కువని, అది హెచ్‌బీఏ1సీ అనే షుగరు అంకెతో ముడిపడి లేదని తేల్చింది. షుగరు అంకె ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడదని, బీపీనీ కొలెస్టరాల్‌నూ పొగాకునూ కూడా అదుపులో పెట్టాలని నేను దీనినుంచి గ్రహించాను.

మన డెల్టా రోగాలు

వానలు వెనకబట్టాక విజయవాడలో ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా ఒకే ప్రశ్న వినబడుతుంది: ప్లేట్‌లెట్లు ఎన్ని? డెంగీ వచ్చిన బిడ్డ తల్లి ఆ అంకె కోసమే ఎదురుచూస్తుంది. ఆ అంకె కోసం బొప్పాయి ఆకు రసం పోస్తారు, ప్లేట్‌లెట్ సంచుల కోసం పరుగులు తీస్తారు. అమ్మలారా, డెంగీలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, నాళాల గోడ కారిపోవడం. జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళే 24 నుంచి 48 గంటల ప్రమాద ఘడియలు మొదలవుతాయి. రక్తంలోని నీరు గోడ దాటి ఛాతీలోకీ పొట్టలోకీ చేరుతుంది. నాళంలో మిగిలిన నెత్తురు చిక్కబడుతుంది. బీపీ పడిపోతుంది.

ఇక్కడ ఎండోథీలియం సంగతి జాగ్రత్తగా చెప్పాలి. డెంగీ వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రొటీన్ లోపొర మీద ఉండే సన్నని చక్కెరపూతను చెరిపేస్తుందనీ, కణాల మధ్య సందులు తెరుస్తుందనీ 2015 నుంచి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. కారడానికి ముఖ్య కారణం కణాలు రాలిపోవడం కాదు, వాటి మధ్య అతుకు వదలడం. అయినా డెంగీ రోగుల రక్తంలో తిరుగాడే ఎండోథీలియల్ కణాలు ఎక్కువగా ఉంటాయని 2006లో వెనిజులా శాస్త్రవేత్తలు చూపారు. గోడ ఎంత దెబ్బతిన్నదో ఆ కణాలు జ్వరం నాలుగో రోజే చెప్పగలిగితే, ఏ బిడ్డను ఇంటికి పంపవచ్చో, ఏ బిడ్డను మంచం మీదే ఉంచి సెలైన్ గొట్టం పక్కన కాపలా కాయాలో తెలుస్తుంది. చెప్పగలవో లేవో మన రోగుల్లోనే చూడాలి. అప్పటిదాకా మన చేతిలో ఉన్న చవకైన సూచికలు రెండు. నెత్తురు చిక్కదనాన్ని చెప్పే హెమటోక్రిట్ 20 శాతం పెరగడం ఒకటి. అల్ట్రాసౌండ్‌లో ఛాతీ నీరూ, పిత్తాశయం గోడ వాపూ రెండోది. రెండోది సుబ్బారావు గారి శాఖ ఇచ్చిన కానుక.

పొలం గట్ల మీదా పొదల్లోనూ తిరిగేవాళ్లకు నల్లిలాంటి పురుగు పిల్లలు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఇంకొకటి. దాని సూక్ష్మజీవి ఎండోథీలియల్ కణాల్లోనే చేరి పెరుగుతుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. మార్సే పరిశోధకులు చూసిన మచ్చల జ్వరానికి ఇది దగ్గరి చుట్టం. అక్కడ పనికొచ్చిన లెక్క ఇక్కడా పనికొస్తుందా అన్నది అడగవలసిన ప్రశ్న. ఈ జబ్బుకు డాక్సీసైక్లిన్ చవకైన మందు, మంచి మందు. లెక్క కోసం మందు ఆపకూడదు. అనుమానం రాగానే ఇవ్వాలి.

మూడోది మూత్రపిండాల జబ్బు. శ్రీకాకుళం ఉద్దానం పేరు దేశమంతా వింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో ఎన్నో ఇళ్లను ఇదే జబ్బు కుంగదీసింది. మూత్రపిండమంటే వడపోత నాళాల ముద్ద. క్రియాటినిన్ పెరిగే నాటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అంతకుముందే సన్నని నాళాల గోడ దెబ్బతింటోందా, ఎవరిలో ముందు దెబ్బతింటోంది అని తెలుసుకోవడానికి ఈ కణాలు ఒక దారి కావచ్చు. ఆ తండాల మనుషులకు మంచినీళ్లూ డయాలిసిసూ ముందు కావాలి. పరిశోధన వాటి వెనకాల నడవాలి, వాటికి అడ్డం రాకూడదు.

ఏం చేయాలి

చివరగా విద్యార్థులకు నా మనవి. విజయవాడలో 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది. బందరుకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఈ కూచిపూడిలోనే ప్రవాసుల చందాలతో సంజీవని ఆసుపత్రి లేచింది. పెద్ద ఊళ్లలో రక్తకేన్సర్ నిర్ధారణకు ఫ్లో సైటోమీటర్లు రోజూ తిరుగుతున్నాయి. యంత్రం లేదన్న మాట ఇక చెల్లదు. కావలసింది క్రమశిక్షణ.

మొదట మన ఆరోగ్యవంతుల లెక్క తేల్చండి. వయసు, పొగాకు, షుగరు, బీపీ రాసుకుని, ఒకే పద్ధతిలో, రెండో గొట్టం రక్తంతో, రోగి వివరాలు తెలియని ఇద్దరు చదువరుల చేత విడివిడిగా లెక్క పెట్టించండి. ఇద్దరి అంకెలూ కలవకపోతే ముందు అదే రాయండి. ఆ తర్వాతే డెంగీ వార్డుకు వెళ్లండి. అక్కడ ఒకే ప్రశ్న పెట్టుకోండి: హెమటోక్రిట్ చెప్పనిది ఈ లెక్క ముందుగా చెబుతోందా? చెబితే పరీక్షగా తెద్దాం. చెప్పకపోతే ఆ సంగతీ అచ్చు వేయండి. ఫలితం రాని పరిశోధనను బీరువాలో దాచితే, ఇంకొక కుర్రవాడు అదే దారిలో మూడేళ్లు పోగొట్టుకుంటాడు.

ఇంకా రుజువు కాని లెక్కను హెల్త్ ప్యాకేజీలో చేర్చి వేల రూపాయలకు అమ్మే రోజు రావచ్చు. అప్పుడు డాక్టర్లను ఒక్క మాట అడగండి: ఈ అంకె వస్తే నా వైద్యంలో ఏం మారుతుంది? జవాబు చెప్పలేని పరీక్షకు డబ్బు పెట్టకండి. అదే డబ్బుతో బీపీ చూపించుకోండి, షుగరు మందు కొనుక్కోండి. చుట్ట మానితే ఖర్చు లేకుండానే లోపొర బాగుపడుతుంది.

ఊరివాళ్లను నేను అడిగేది ఒకటే. రేపు మీ పిల్లలో మా పిల్లలో పీజీ చదివే రోజుల్లో మంచం పక్కకు వచ్చి, చికిత్సకు తీసే రక్తంతో పాటు పరిశోధనకు ఇంకో గొట్టం ఇస్తారా అని అడుగుతారు. ఎందుకో అడగండి. అర్థమయ్యే తెలుగులో చెప్పించుకోండి. వద్దనే హక్కు మీకుంది, వద్దన్నందుకు వైద్యంలో ఏ లోటూ రాకూడదు. అంతా విని, నచ్చితే ఇవ్వండి. సికిల్ సెల్ రోగులు మినెసోటాలో అలా రక్తం ఇచ్చారు కాబట్టే ఆ జబ్బు రెండో ముఖం ప్రపంచానికి తెలిసింది. డెంగీ ముఖాన్నీ, ఎ.కొండూరు కిడ్నీ జబ్బు ముఖాన్నీ చూపించే రక్తం కృష్ణా తీరం మనుషులే ఇవ్వాలి, దాన్ని నిజాయితీగా చదివే కళ్లూ ఇక్కడివే కావాలి.